ద్రాక్షతోట బావిలో తూచిన సీసం

సముద్రంలో మునగడం నేర్పే పనిలో నేను వేల మందిని నీళ్ళ కిందికి తీసుకుపోయాను, అందరినీ ప్రాణాలతో పైకి తెచ్చాను.

వేలు అన్నది జర ఎక్కువైంది. వందలు అనుకోండి. ఆ వందల్లో సగం మంది నడుము లోతు దాటి రాలేదు. ప్రాణాలతో తెచ్చిన మాట మాత్రం అబద్ధం కాదు. అందులో నా గొప్ప ఎంత, వాళ్ళ ఆయుష్షు గట్టిదనం ఎంత అనేది చదివాక మీరే తేల్చుకోండి.

ఇది రాయడానికి కారణం మా గల్లీ పిల్లలు. ఇద్దరు అండమాన్ పోయి డైవింగ్ నేర్పే ఉద్యోగంలో చేరుతున్నారు. "తాతా, నీ అనుభవాలు చెప్పు" అని వచ్చి కూచున్నారు. కోర్సుల గురించి, కొత్త సామాను గురించి వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. ఆ పని నిజంగా ఎట్లా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. చేపలు చూపించే పని అనుకుంటున్నారు. భయపడుతున్న మనిషి చెయ్యి పట్టుకుని, మనకు భయం లేనట్టు కనబడే పని అది. "లేనట్టు" అన్న మాట గుర్తుపెట్టుకోండి. మిగతాదంతా దాని మీదే నడుస్తుంది.

మోటార్ల వెంట

నేను పుట్టింది పాత ఉప్పల్‌లో. ఇప్పుడు మెట్రో పిల్లర్లు నిలబడ్డ దిక్కు అప్పుడు ద్రాక్షతోటలు ఉండేవి. తోటకో బావి, బావికో మోటారు. పెద్ద వానలు పడి నీళ్ళు ఒక్కసారిగా ఎక్కితే, బావి లోపల గద్దె మీద బిగించిన మోటారు మునిగిపోయేది. అప్పుడు "యాదగిరిని పిలువున్రి" అనేవాళ్ళు. నేను దిగి, చేత్తో తడిమి, నట్లు విప్పి, తాడు కట్టి వచ్చేవాణ్ణి. పైన ఉన్నవాళ్ళు గుంజేవాళ్ళు.

అయిదు నిమిషాలు ఊపిరి బిగబడతానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. మా బావ జంగయ్య ఒకసారి గడియారం చేత పట్టుకుని బావి గట్టు మీద కూచున్నాడు. నేను పైకి తేలగానే గడియారం నా మొహానికి చూపించి, "బావా, నిమిషం మీద ఇంకింత. గంతే" అన్నాడు. ఆ రోజు నుంచి మూడు నిమిషాలని చెప్తున్నాను.

అప్పట్లోనే ఒక పాఠం నేర్చుకున్నాను. ఒక తోటలో మోటారు గద్దె మీది నుంచి ఊడి అడుగుకు పడిపోయింది. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. అడుగున చేతికి బరువైన ఇనుము తగిలింది, తాడు బిగించి పైకొచ్చి "లాగున్రి" అన్నాను. ఆరుగురు మొగోళ్ళు చెమటలు కక్కుతూ గుంజితే వచ్చింది ఒక సైకిలు. దాని వెనక క్యారేజీకి ఇంకా పాలక్యాను కట్టే ఉంది. ఊళ్ళో ఆ సైకిలు ఎవరిదో అందరికీ తెలుసు. ఎవరో ఎత్తుకుపోయారని దాని యజమాని ఇద్దరితో మాటలు మానేసి అప్పటికి ఆరేళ్ళు. మోటారు కోసం నేను మళ్ళీ దిగాల్సి వచ్చింది. ఈసారి తొందరపడకుండా అడుగంతా అరచేతితో తడిమాను, ముసలమ్మ బియ్యంలో రాళ్ళు వెతికినట్టు. నీళ్ళ అడుగున కళ్ళను నమ్ముకోవద్దు. అరచేతిని నమ్ముకోవాలి. ఇది రాసి పెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

కమాండర్ సార్

జంగయ్య బావ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షెడ్డులో ఫోర్‌మన్. ఫ్యాక్టరీల్లో మంటలు, గ్యాసు లీకు అయినప్పుడు వాడే గాలి సిలిండర్లు ఆ షెడ్డులో నింపేవాళ్ళు. షెడ్డు యజమానిని అందరూ కమాండర్ సార్ అనేవాళ్ళు. నిటారుగా నడిచేవాడు, మీసం దువ్వెనతో దువ్వేవాడు, ప్రతి వాక్యానికి ముందు "సీ, యాదగిరీ" అనేవాడు. నేవీలో పనిచేసిన మాట నిజమే. ఏ విభాగమో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. చాలా ఏళ్ళకు తెలిసింది, ఆయన చూసుకున్నది క్యాంటీన్ సరుకులని.

ఎనభైల చివర్లో ఆయన వేలంలో పాత డైవింగ్ సామాను కొన్నాడు. దానికి గాలి నింపే మిషను మా దగ్గరే ఉంది. నన్ను పిలిచి, సిలిండరు వీపుకు కట్టి, గొట్టం నోట్లో పెట్టి, మా చిన్నాయన బావిలోకి దింపాడు. నీళ్ళ కింద మొదటిసారి గాలి పీల్చినప్పుడు నాకు ఎట్లనిపించిందో చెప్పమంటే పెద్ద పెద్ద మాటలు వాడగలను. నిజం చెప్పాలంటే "ఇన్నేండ్లు ఉత్తగనే చచ్చిన కదరా" అనిపించింది. ఆ తర్వాత మోటార్లు తీయడం నాకు మంచం కింద చెప్పులు తీసినంత సులువైంది.

తొంభైల్లోకి వచ్చాక కమాండర్ సార్‌కు ఇంకో ఆలోచన పుట్టింది. హైదరాబాద్‌కు సముద్రం లేదు, కానీ సముద్రం మీద మోజు ఉంది. ఉప్పల్, నాచారం, హబ్సిగూడ చుట్టూ పెద్ద పెద్ద ప్రభుత్వ ఆఫీసులు, ల్యాబులు, రైల్వే వాళ్ళ క్వార్టర్లు. వాళ్ళకు నాలుగు ఆదివారాలు బావిలో మునగడం నేర్పి, విశాఖపట్నం రైలెక్కించి, ఒక పగలంతా పడవ మీద తిప్పాలి. మొదట మొహానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళ పైన తేలుతూ కిందికి చూడడం. తర్వాత సిలిండరు కట్టుకుని కిందికి పోవడం. షెడ్డు గేటుకు ఒక బొమ్మ అంటించాడు. విదేశీ పత్రికలోంచి కత్తిరించింది. దాంట్లో పసుపు చేపలు, నీలం చేపలు, పెళ్ళి ఊరేగింపు లెక్క పోతున్నాయి.

ఆయన మీద నాకు ఒకే ఒక ఫిర్యాదు, ఆ బొమ్మ. మీరు ఎన్ని అబద్ధాలైనా ఆడండి, చేపలు కనబడతాయని మాత్రం మాట ఇవ్వకండి. చేపలు మన జీతగాళ్ళు కావు.

బెండూ సీసమూ

మా మల్లయ్య చిన్నాయనది ఉప్పల్‌లో పేరున్న బావి. దిగడానికి రాతి మెట్లు, వేసవిలో కూడా అయిదు బారల నీళ్ళు. బార అంటే చేతులు రెండూ చాపినంత, సుమారు ఆరడుగులు. ఊళ్ళో పిల్లలందరూ ఆ బావిలోనే ఈత నేర్చుకున్నారు, వీపుకు బెండు కట్టుకుని. ఎండిన జీలుగు కట్టెలను కట్ట కట్టి చేసేవాళ్ళు దాన్ని. అది ఉంటే మనిషి మునగమన్నా మునగడు. కొత్తగా దిగే ఎవరైనా సరే ముందు గంగమ్మకు పసుపు కుంకుమ వేయాలి, వీపుకు బెండు కట్టాలి. చిన్నాయన నియమం అది.

కమాండర్ సార్ సీసం బిళ్ళలు గుచ్చిన బెల్టులు తెచ్చాడు. మనిషి ఒంట్లో, ఒంటి మీద ఉన్న గాలి పైకి లేపుతుంది కాబట్టి, కిందికి పోవాలంటే నడుముకు సీసం కట్టాలి. అది చూసి చిన్నాయన మెట్టు మీద అడ్డం కూచున్నాడు.

"బెండు ఏది?"

"చూడండి పెద్దాయనా, ఇది మనిషి మునగడానికి. దీని మీద మళ్ళీ తేలడానికి బెండు కడితే రెండూ కొట్టుకుంటాయి కదా."

"కొట్టుకోనీ సారూ. ఏది గెలుస్తదో గది గెలుస్తది. బెండు లేకుంట నా బాయిల ఎవ్వలు దిగరు. మీరు మిల్ట్రీ అయినా గంతే."

"నేవీ."

"గదే."

చేసేదేమీ లేక ఇద్దరి మాటా చెల్లేటట్టు చేశాను. ప్రతి మనిషికీ వీపున సిలిండరు మీదే బెండు కట్టి, ఆ బెండు కూడా ఓడిపోయి మునిగేదాకా నడుముకు సీసం ఎక్కించాను. ఎవరి బెల్టు వాళ్ళకు తూచి, పేరు అంటించాను. ఆ తూకంలో ఎంత నిక్కచ్చి అంటే, గాలి నిండా పీలిస్తే మనిషి కొంచెం లేచేవాడు, వదిలితే కొంచెం దిగేవాడు. ఇటువంటి తూకం దేశంలో ఇంకెవరూ వేయలేరని కమాండర్ సార్ అన్నాడు. ఆయన అనలేదు, నేనే అన్నాను. ఆయన కాదనలేదు.

లక్ష్మీకాంతమ్మ గారు

మొదటి బ్యాచులో చేరిన వాళ్ళలో లక్ష్మీకాంతమ్మ గారు ఒకరు. స్కూటరు వెనక గొడుగు పట్టుకుని వచ్చారు. ముందు కూచున్నది ఆవిడ భర్త సుబ్బారావు గారు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇద్దరిదీ కాకినాడ వైపు, నాచారంలో సొంతిల్లు.

ఆవిడ ఉప్పల్ దగ్గర ఒక సర్కారు ఆఫీసులో మ్యాపులు గీసే ఉద్యోగం చేసేవారు. భూమి మ్యాపులు కావు, సముద్రం అడుగు మ్యాపులు. ఓడలు ఎక్కడ ఎంత లోతుందో కొలిచి అంకెలు పంపుతాయి. ఒకే లోతు ఉన్న చోట్లను కలుపుతూ ఈవిడ సన్నటి ఇంకు గీతలు గీస్తారు. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టారు, ఇంకో రెండు నెలల్లో రిటైర్‌మెంటు.

"ఒక్క అంకె తప్పు వేయలేదు నేను, ఇన్నేళ్ళలో" అన్నారు షెడ్డులో బల్ల మీద కూచుని. "కానీ మా పైఅధికారి ఉన్నాడే, ఆయన నా గీత ఎప్పుడు చూసినా ఒకటే మాట. 'అడుగు అక్కడే ఉందని ఎవరు చూసొచ్చారమ్మా?' అని నవ్వుతాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఇంటికెళ్ళాక మాత్రం నిద్ర పట్టదు. నిజమే కదా, ఎవరు చూసొచ్చారు? ఒక్కసారి దాన్ని ముట్టుకోవాలి, యాదగిరీ. రిటైరయ్యేలోగా."

"బీపీ ఉందోయ్ నీకు" అన్నారు సుబ్బారావు గారు.

"మీకూ ఉంది. రైలు దిగారా మీరు?"

ఆయన నా వైపు తిరిగారు. "ఏమయ్యా, నువ్వు సముద్రంలో ఎన్నిసార్లు దిగావు?"

"లెక్కపెట్టుడు మానేసిన సార్" అన్నాను.

ఇది అబద్ధం కాదు. లెక్కపెట్టడానికి ఏమీ లేకపోతే మానేయక ఏం చేస్తాం? అప్పటికి నేను సముద్రాన్ని చూసింది సినిమా తెర మీద. ఈ సంగతి తెలిసిన జంగయ్య బావ వెనక నిలబడి దగ్గు మొదలుపెట్టాడు. దగ్గు కాదు అది.

ఈత రాని ఆ అరవై దగ్గరి మనిషి నాలుగు ఆదివారాలు బావి మెట్ల దగ్గర అన్నీ నేర్చుకున్నారు. ముక్కు మూసి గాలి ఊది చెవుల బిగువు తీయడం, ఊపిరి ఆపకుండా పీలుస్తూ వదులుతూ ఉండడం. సైగలకే ఇబ్బంది వచ్చింది. నీళ్ళ కింద బొటనవేలు పైకెత్తితే "పైకి పోదాం" అని అర్థం. ఆవిడ "బాగుంది" అన్నట్టు ఎత్తేవారు, నేను పైకి లాగేవాణ్ణి. ఆవిడ తిట్టేవారు, మళ్ళీ దిగేవాళ్ళం. చిన్నాయన పైనుంచి చూసి, "ఏందిరా, అమ్మను బొక్కెన లెక్క ముంచి లేపుతున్నవ్?" అనేవాడు.

పడవ

విశాఖపట్నం స్టేషనులో దిగి సముద్రం ఒడ్డుకు పోయాం. మొదటిసారి చూశాను. ఇంత పెద్దదని ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అందరూ నా మొహం చూస్తున్నారు. పాత దోస్తును పలకరించినట్టు తల ఊపి, "ఇయ్యాల జర సైలెంటున్నడు" అన్నాను.

చేపల పడవ ఒకటి మాట్లాడుకున్నాం. నడిపేవాడు అప్పలస్వామి, బీడీ నోట్లోంచి తీయకుండానే మాట్లాడేవాడు. పడవ కదిలిన కాసేపటికి మావాళ్ళ కడుపులు తిరగడం మొదలైంది. నాచారం నుంచి కట్టి తెచ్చిన పులిహోర, మిర్చి బజ్జీలు ఉదయం మావాళ్ళు తిన్నారు, ఆ తర్వాత చేపలు తిన్నాయి. కమాండర్ సార్ అందరికంటే ముందు పడుకున్నాడు. మీసం కూడా వాలిపోయింది.

ఒడ్డు ఇంకా కనబడుతుండగానే, రాళ్ళ గుట్ట పక్కన నీళ్ళు కుదురుగా ఉన్న చోట అప్పలస్వామి లంగరు వేశాడు. తాడుకు రాయి కట్టి కిందికి వదిలి, పైకి లాగి చేతులు చాపి కొలిచాడు. "మూడు బార్లు బాబూ. దిగిపోండి."

ముందు గొట్టం, అద్దాల వంతు. జంగయ్య బావ అందరికంటే ముందు దూకి, బోర్లా తేలి, మొహం నీళ్ళలో పెట్టాడు. రెండు క్షణాలకు అరుపు.

"బావా! జెల్లీ చేప! తెల్లగ ఉంది, నా దిక్కే వస్తుంది! పట్టిందంటే సచ్చిపోతా!"

అప్పలస్వామి తెడ్డుతో దాన్ని ఎత్తి పడవలో వేశాడు. పాల ప్యాకెట్టు కవరు.

"ఇదేటి బాబూ, మీ ఊరి సేపేనా?" అన్నాడు.

ఆ రోజు మాకు కనబడిన సముద్ర జీవి అదొక్కటే. గొట్టం పెట్టుకుని తేలిన వాళ్ళందరూ ఆకుపచ్చటి నీళ్ళు చూశారు, ఇంకొంచెం ఆకుపచ్చటి నీళ్ళు చూశారు. గేటుకు అంటించిన బొమ్మ గురించి ఎవరో కమాండర్ సార్‌ను అడిగారు. ఆయన కళ్ళు తెరవలేదు.

ఉప్పు

తర్వాత సిలిండర్ల వంతు. సముద్రంలో బెండు అక్కర్లేదు కాబట్టి, దాన్ని ఓడించడానికి బావిలో ఎక్కించిన సీసం కూడా తీసేశాను. నాచారంలోనే కూచుని లెక్క కట్టాను. బెండు పోయింది, దాని సీసం పోయింది, సరికి సరి. అదనపు సీసం మోయడం ఎందుకని అక్కడే షెడ్డులో వదిలేశాను కూడా. ఆ తెలివికి నా వీపు నేనే తట్టుకున్నాను.

మొదట నేనే దూకాను, ఎట్లా దూకాలో చూపించడానికి. వీపు మీద పడ్డాను, తేలాను, నోట్లోకి ఒక గుక్క పోయింది. నా నోటి నుంచి వచ్చిన మాట పడవ మొత్తం విన్నది.

"థూ! ఇంత ఉప్పా!"

సముద్రంలో లెక్కపెట్టడం మానేసినన్ని సార్లు దిగిన మనిషి, అది ఉప్పగా ఉందని ఇప్పుడు కనిపెట్టాడు.

జంగయ్య బావ పడవ అంచు పట్టుకుని కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. "ఉప్పగుంటదని సద్దిబువ్వ తినే పిల్లలకు ఎరుక బావా!"

"ఉంటదని ఎరుకనే. ఇంతనా అని!"

ఇంతలో ఇంకో చిక్కు తెలిసింది. నేను మునగడం లేదు. గాలి వదిలాను, మునగలేదు. కాళ్ళు కొట్టుకున్నాను, పిర్రలు పైకి లేచాయి తప్ప మునగలేదు. నా వెనక దిగిన ఇద్దరు కూడా సిలిండర్లతో సహా పూజ చెంబులో తులసాకుల్లాగా తేలుతున్నారు.

"ఏటి బాబూ, ములగరేటి?" అన్నాడు అప్పలస్వామి.

"ఇయ్యాల నీళ్ళు గట్టిగున్నయి" అన్నాను. నోట్లో ఉప్పు ఉన్నా నాలుక ఊరుకోదు.

పడవ అంచున బెల్టు కట్టుకుని కూచున్న లక్ష్మీకాంతమ్మ గారు నెమ్మదిగా నుదురు కొట్టుకున్నారు. "ఉప్పునీళ్ళు, యాదగిరీ. బరువెక్కువ. మనిషిని ఎక్కువ తేలుస్తాయి. మంచినీళ్ళకు తూచిన సీసం ఇక్కడ చాలదు. జీవితమంతా సముద్రం పని చేసి నేనూ మర్చిపోయాను, చూడు." కొంచెం ఆగి అడిగారు, "నువ్వు ఇదే మొదటిసారి కదూ?"

నీళ్ళలో తేలుతూ అబద్ధం ఆడడం కష్టం. దాక్కోవడానికి మునగలేం కూడా.

"ఇదే మొదలమ్మా."

సుబ్బారావు గారు లేచి నిలబడ్డారు. పడవ ఊగింది, మళ్ళీ కూచున్నారు. "అయిపోయింది. విన్నావుగా? వీడితో నువ్వు దిగడం లేదు. పద, బట్టలు మార్చుకో."

ఆవిడ ఆయన వైపు చూడలేదు. నన్నే చూస్తున్నారు. అప్పటిదాకా ఆవిడ కళ్ళలో నా మీద నమ్మకం ఉండేది; అది పోతే ఎట్లా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. ఈ వృత్తిలో నాకు చలి వేసిన సందర్భం అదొక్కటే.

"బావుల్లో ఎన్నిసార్లు దిగావు?"

"అది నిజంగనే లెక్కలేదమ్మా. ఎనిమిదో తరగతి నుంచి అదే పని."

"చీకట్లో?"

"అన్నీ చీకటి బాయిలేనమ్మా. చేత్తోటే చూసుడు."

ఆవిడ అప్పుడు భర్త వైపు తిరిగారు. "అడుగు అడుగే. ఏమండీ, నేను వచ్చే నెల రిటైరవుతాను. ఆ తర్వాత నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఇవాళ వెళ్తాను."

"మునగడానికి సీసం ఏదీ?" అన్నారు సుబ్బారావు గారు, గెలిచినట్టు.

నిజమే. మిగిలిన సీసం నాచారం షెడ్డులో హాయిగా పడుకుని ఉంది. పడవలో ఉన్న బెల్టులన్నీ కలిపితే ఇద్దరు మునగడానికి సరిపోతాయేమో. అంటే నేనూ, ఇంకొకరూ. మిగతా అందరూ నాలుగు ఆదివారాలు బావిలో తడిసింది ఉత్తదే అవుతుంది.

జంగయ్య బావ ముందు తన బెల్టు విప్పాడు. "తీస్కోరి అమ్మా. కింద ఇంకో పాల ప్యాకెట్టు ఉంటే నా గుండె తట్టుకోదు." ఒక కుర్ర భార్య తన మొగుడి బెల్టు తనే విప్పింది. "ఈయన పొద్దుటి నుంచి వాంతులే అమ్మా, కిందికి పోయి కూడా అదే చేస్తరు." అతను వద్దనడానికి నోరు తెరిచి, తెరిచిన నోటితో పడవ అంచుకు పరుగెత్తాడు. ఒక్కొక్కరే ఇచ్చారు. చివరికి కమాండర్ సార్ పడుకున్న చోటి నుంచే చెయ్యెత్తి, తలకింద పెట్టుకున్న బెల్టు లాగి ఇచ్చాడు. "సీ, యాదగిరీ. ఆవిడ చెయ్యి వదిలావంటే నిన్ను వదలను" అన్నాడు. ఆయన క్యాంటీన్ చూసుకున్నాడని తెలిశాక కూడా నేను ఆయన్ను కమాండర్ సార్ అనే పిలవడానికి కారణం ఆ మాట.

సుబ్బారావు గారు ఏమీ ఇవ్వలేదు. ఆయన దగ్గర బెల్టు లేదు. చివరికి లేచి వచ్చి, భార్య నడుముకు ఆ సీసమంతా తనే బిగించి, "బిగుతుగా ఉందా?" అని అడిగారు.

అడుగు

లంగరు తాడు పట్టుకుని దిగాం. నా ఎడమ చెయ్యి ఆవిడ సిలిండరు మీద, కుడి చెయ్యి ఆవిడ చేతిలో. ఒక బార దిగగానే ఆవిడ ఆగారు. అద్దం వెనక కళ్ళు పెద్దవయ్యాయి, బుడగలు రావడం ఆగిపోయింది. ఊపిరి బిగబట్టారు. అది ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదం. నాకూ గుండె దడదడ. సముద్రం నన్ను అటూ ఇటూ ఊపుతోంది, బావి ఎన్నడూ ఊపలేదు. అయినా మొహం మాత్రం మా చిన్నాయన మెట్టు మీద చుట్ట కాల్చుతున్నట్టు పెట్టాను. నెమ్మదిగా ఊపిరి వదిలి చూపించాను. మళ్ళీ. మళ్ళీ. ఆవిడ నా బుడగలు చూస్తూ చూస్తూ తనవి వదిలారు. పిల్లలూ, మీకు ఎన్ని కోర్సులు చెప్పినా చివరికి పని అదే.

ఆవిడ బొటనవేలు పైకెత్తారు. పైకి పోదామనా, బాగుందనా? నాలుగు ఆదివారాల గొడవ. ఆవిడ కళ్ళలోకి చూశాను. బాగుందని. కిందికే పోయాం.

అడుగు కనబడలేదు. ఆకుపచ్చ నీళ్ళు బూడిద రంగయ్యాయి, నా మోచెయ్యి దాకా కనబడింది, అంతే. తర్వాత నా మోకాళ్ళకు మెత్తగా తగిలింది. ఆవిడ అరచెయ్యి పట్టుకుని కిందికి ఆనించాను. ఇసుక.

ఆవిడ కదల్లేదు. అరచెయ్యి అట్లాగే పెట్టి ఉంచారు, జ్వరం చూస్తున్నట్టు. తర్వాత చూపుడువేలు ఒకటే చాపి, ఇసుక మీద ఒక గీత గీశారు. సన్నగా, వంకర తిప్పుతూ, చేతికి అలవాటైన గీత. సముద్రం ఒక్క ఊపు ఊపి దాన్ని చెరిపేసింది. మళ్ళీ గీశారు. మళ్ళీ చెరిపింది. సిలిండరులో గాలి ఎంతుందో చూపే ముల్లు పడిపోతోందని నేను పైకి సైగ చేస్తే, ఆఫీసులో జూనియరును ఆపినట్టు అరచెయ్యి చూపించి మూడోసారి గీశారు.

పడవలోకి మేము ఎక్కుతుంటే సుబ్బారావు గారు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని లాగారు.

"ఏం కనబడింది?"

"ఏమీ కనబడలేదండీ. నా చెయ్యి కూడా సరిగ్గా కనబడలేదు."

"చేపలూ?"

"ఒక్కటి లేదు."

"మరి దీనికోసమా ఇంత?"

ఆవిడ మొహం తుడుచుకున్నారు. ఉప్పునీళ్ళే అయి ఉండవచ్చు. "ఉందండీ" అన్నారు. "అడుగు ఉంది. నేను ఊరికే గీయలేదు."

సన్మానం

ఆవిడ రిటైర్‌మెంటు సభకు నన్నూ జంగయ్య బావనూ పిలిచారు. ఉప్పల్ ఆఫీసులో పెద్ద హాలు, శాలువా, సమోసాలు. సుబ్బారావు గారు మొదటి వరుసలో. దండ వేశాక ఆ పైఅధికారి మైకు దగ్గర నవ్వుతూ అడిగాడు, "అమ్మా, సముద్రంలోకి దిగారట కదా! ఎంత లోతుకు వెళ్ళారేమిటి?"

హాలంతా నవ్వడానికి తయారుగా ఉంది. ఇన్నేళ్ళలో ఒక్క అంకె తప్పు వేయని మనిషి మైకు అందుకున్నారు. అప్పలస్వామి తాడు కొలిచినప్పుడు అంకె ఆవిడా విన్నారు. సుబ్బారావు గారూ విన్నారు.

"ఎనభై అడుగులు" అన్నారు లక్ష్మీకాంతమ్మ గారు.

ఎవరూ నవ్వలేదు. సుబ్బారావు గారు సమోసా నోటి దగ్గరే ఆపారు. ఆవిడ హాలు చివరన ఉన్న నా వైపు చూశారు. వృత్తిలో ఎన్నో చేతులు పట్టుకున్నాను. ఆ చెయ్యి వదిలితే కమాండర్ సార్ నన్ను వదలనన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "తొంభై మేడం" అన్నాను. "చివర్లో గుంట ఒకటి ఉండె, మీరు లెక్కేసుకోలే."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. పైఅధికారి కూడా కొట్టాడు. జంగయ్య బావకు మళ్ళీ దగ్గు వచ్చింది.

పిల్లలూ, మీ మ్యాపు కోసం అసలు అంకె ఇదిగో. ఆ చోట సముద్రం మూడు బారలు. మా మల్లయ్య చిన్నాయన బావి అయిదు.